చేప, రొయ్య లేని సీఫుడ్ సలాడ్: పనస, పుట్టగొడుగు, నాచుతో

సీఫుడ్ సలాడ్‌లో నోటికి తెలిసేవి మూడు. పీత మాంసంలా పీచుపీచుగా విడిపోయే ముక్క ఒకటి, రొయ్యలా పంటికింద కాస్త ఎదురుతిరిగే ముక్క ఒకటి, ఈ రెండింటినీ పట్టుకుని ఉండే చల్లటి మయోనైజ్ ఒకటి. నాలుగోది ముక్కుకి తెలిసే సముద్రపు వాసన. మొక్కల పదార్థాలతో దీన్ని చేయబోయేవాళ్ళు ఎక్కువగా ఈ వాసన మీదే పడి, నాచుపొడి గుప్పుతూ పోతారు. వాసన తేలిక. కష్టమంతా నీళ్ళతో. పనస, పుట్టగొడుగు, సెలరీ అన్నీ నీళ్ళ సంచులే. ఆ నీళ్ళు ముందే వదిలించకపోతే గిన్నెలో కలిపిన గంటకి అడుగున తెల్లటి నీరు చేరుతుంది, మయోనైజ్ పలచబడుతుంది, ఉప్పూ పులుపూ చప్పబడతాయి. కింద చెప్పే పనుల్లో సగానికి పైగా నీళ్ళు తీసేసే పనులే. ఇక్కడ ఓపిక పడితే మిగతాది పిల్లల ఆట.

ఇంకో మాట. ప్యాకెట్లలో అమ్మే సీఫుడ్ సలాడ్‌లో పీత అనుకుని తినేది చాలావరకు పీత కాదు. తెల్లచేపల గుజ్జుకి పిండి, గుడ్డు తెల్లసొన, చక్కెర, పీత వాసన కలిపి, పైన ఎర్రరంగు పూసిన సురిమి కడ్డీ అది. 1970ల్లో జపాన్‌లో పుట్టింది. కాబట్టి మనం అనుకరించాల్సింది పీతని కూడా కాదు, ఓ అనుకరణని. దాని లక్షణాలు పొడవాటి పీచు, కొద్దిగా తీపి, తెలుపు మీద ఎరుపు. ఇవి మూడూ మొక్కలతో బాగానే వస్తాయి.

కావలసినవి (నలుగురికి)

లేత పనస: ఉప్పునీటి డబ్బాలోది, వడకట్టాక 250 గ్రాములు
కింగ్ ఆయిస్టర్ పుట్టగొడుగులు: 250 గ్రాములు
కాబూలీ సెనగలు: ఉడికించినవి 150 గ్రాములు (ఎండువైతే సుమారు 70 గ్రాములు)
సెలరీ: 2 కాడలు
ఉల్లిపాయ: చిన్నది సగం
కేపర్లు (ఉప్పులో ఊరబెట్టిన పూమొగ్గలు): 1 టేబుల్‌స్పూను
సన్నగా తరిగిన సోయికూర: 2 టేబుల్‌స్పూన్లు
నిమ్మకాయ: 1
నోరి నాచు: 1 రేకు
తెల్ల మీసో (సోయా గింజల్ని పులియబెట్టి చేసే జపాన్ ముద్ద): 1 టీస్పూను

నాచు రసానికి: నీళ్ళు 400 మిల్లీలీటర్లు, ఎండు కోంబు అనే మందపాటి సముద్రపు నాచు 5 గ్రాములు (అరచేయంత ముక్క), ఎండు షీటాకే పుట్టగొడుగులు 2, ఉప్పు 1 టీస్పూను, చక్కెర 1 టీస్పూను

మయోనైజ్‌కి: తీపి లేని సోయాపాలు 100 మిల్లీలీటర్లు, వాసన లేని నూనె 200 మిల్లీలీటర్లు, ఆవ ముద్ద 1 టీస్పూను, ఉప్పు అర టీస్పూను, నిమ్మరసం 1 టేబుల్‌స్పూను

మసాలాకి: కారం తక్కువ, రంగు ఎక్కువ ఉన్న మిరప్పొడి అర టీస్పూను, సెలరీ గింజలు, మిరియాల పొడి, ఆవపొడి పావు టీస్పూను చొప్పున, ఎండు బిర్యానీ ఆకు పొడి చిటికెడు, జాజికాయ పొడి పిసరంత

చేతిపని గంట, చివర్లో ఫ్రిజ్‌లో ఉంచే రెండు గంటలు కాక, చల్లారడానికీ నానడానికీ మరో రెండు మూడు గంటలు. ఎండు సెనగలైతే ముందురోజు రాత్రే నానబెట్టుకోవాలి.

నాచు రసం

అన్నిటికంటే ముందు ఇది మొదలుపెట్టండి, ఎందుకంటే మిగతా ముక్కలన్నీ ఇందులోనే మునగాలి. కోంబు మీద తెల్లటి పొడిలాంటిది కనిపిస్తుంది. బూజు అనుకుని కడిగేయకండి. అది ఎక్కువగా మానిటాల్ అనే తీపి పదార్థం, రుచిలో భాగమే. ఇసుక ఉంటే పొడిగుడ్డతో తుడిస్తే చాలు. కోంబునీ షీటాకేనీ చల్లటి నీళ్ళలో అరగంట నాననివ్వండి. వీలుంటే రాత్రంతా ఫ్రిజ్‌లో నానితే ఇంకా మంచిది. తర్వాత సన్నసెగ మీద పెట్టి, గిన్నె అంచుల్లో చిన్న బుడగలు మొదలవగానే, అంటే నీళ్ళు 60, 65 డిగ్రీల దగ్గరుండగా, కోంబుని తీసేయండి. మరిగితే జిగురు వదిలి, చేదు దిగుతుంది. కోంబు బయటికి వచ్చాక ఉప్పు, చక్కెర వేసి షీటాకేని మాత్రం మరో పది నిమిషాలు మరగనిచ్చి వడకట్టండి.

రెండూ ఎందుకంటే, కోంబులో గ్లుటమేట్ ఉంటుంది. 1908లో కికునే ఇకెడా అనే జపాన్ రసాయన శాస్త్రవేత్త ఉమామి అనే ఐదో రుచిని గుర్తించింది ఈ నాచు నుంచే. ఎండు షీటాకేలో గ్వానిలేట్ ఉంటుంది. రెండూ కలిసినప్పుడు నాలుక మీద తెలిసే రుచి, విడివిడిగా ఉన్నప్పటి రుచుల మొత్తం కంటే చాలా ఎక్కువ. చక్కెర తీపి కోసం కాదు. పీత, రొయ్య మాంసంలో గ్లైసిన్ అనే అమైనో ఆమ్లం వల్ల సహజంగా ఒక తియ్యదనం ఉంటుంది. అది లేకపోతే నాచు రుచి ఒంటరిగా, మందులా తోస్తుంది.

సముద్రపు వాసనకి నాచే ఎందుకు అంటారా? సముద్రం దగ్గర ముక్కుకి తగిలే వాసనలో డైమిథైల్ సల్ఫైడ్ పాలు పెద్దది. అది నాచులూ, నీటిలో తేలే సూక్ష్మ మొక్కలూ తయారుచేసే పదార్థం నుంచి పుడుతుంది. అంటే చేపని తీసేసినా అసలు మూలం మన దగ్గరే ఉందన్నమాట.

పనస: పీత పీచు

డబ్బా మీద ఏం రాసుందో చదవండి. కావలసింది ఉప్పునీటిలో లేదా మామూలు నీటిలో ఉన్న లేత పనస. పాకంలో ఉన్నది పండు, దీనికి పనికిరాదు. పచ్చికాయే దొరికితే గింజ ఇంకా గట్టిపడని లేతది తీసుకోండి. తొనలు పసుపెక్కుతుంటే అప్పటికే తీపి దిగిందని లెక్క. చేతులకీ కత్తికీ నూనె రాసుకున్నాకే కోయండి, లేకపోతే పాలు అంటుకుని ఓ పట్టాన వదలవు. పెద్ద ముక్కలుగా చేసి కుక్కర్లో రెండు మూడు కూతలు రానివ్వాలి.

డబ్బా పనసకి పులుపు, ఒక రకం రేకు వాసన ఉంటాయి. వడకట్టి కడిగి, మంచినీళ్ళలో పది నిమిషాలు ఉడికించి ఆ నీళ్ళు పారబోయండి. ఇది మానేసినవాళ్ళ సలాడ్ తినగానే తెలిసిపోతుంది: ఎంత మసాలా వేసినా వెనక నుంచి ఊరగాయ పులుపు తొంగిచూస్తుంది. చల్లారాక ఒక్కో ముక్కనీ గుప్పిట్లో పెట్టి పిండండి. ముక్కల మొనవైపు గట్టి గుజ్జు ఉంటుంది, అది పీచుగా విడిపోదు. దాన్ని కోసి సన్న చీలికలుగా తరిగి కలుపుకోవచ్చు, పారేయనక్కర్లేదు. గింజలూ, గింజల మీది పొరలూ మాత్రం తీసేయండి. మిగిలిన భాగాన్ని వేళ్ళతో పీచు దారివెంట విడదీయండి. కత్తితో పొట్టులా కొట్టకూడదు, మిక్సీ అసలే వద్దు. సురిమిలో మనకి నచ్చేది ఆ పొడవే, పీచు కనీసం మూడు నాలుగు సెంటీమీటర్లు ఉండాలి.

ఈ పీచుని నాచు రసంలో వేసి మూత లేకుండా సన్నసెగ మీద 15 నిమిషాలు ఉడికించి, పొయ్యి కట్టేసి రసంలోనే చల్లారనివ్వండి. వేడి తగ్గే కొద్దీ ముక్క రసాన్ని లోపలికి లాగుతుంది కాబట్టి ఈ చల్లారే సమయం ఉడికే సమయం కంటే ముఖ్యం. తర్వాత తీసి, మెల్లగా ఒత్తి (ఈసారి గట్టిగా పిండితే ఎక్కించిన రుచంతా పోతుంది), పళ్ళెంలో పలచగా పరిచి ఓవెన్లో 180 డిగ్రీల మీద 12 నుంచి 15 నిమిషాలు ఆరబెట్టండి. ఓవెన్ లేకపోతే వెడల్పాటి మూకుట్లో నూనె లేకుండా, మధ్యమధ్య కదుపుతూ ఏడెనిమిది నిమిషాలు. అంచులు పొడిగా అవ్వాలి, రంగు మాత్రం మారకూడదు. రసం పారబోయకండి, పుట్టగొడుగులకి కావాలి.

రంగు కోసం రెండు టేబుల్‌స్పూన్ల గోరువెచ్చని నూనెలో, మసాలాకి చెప్పింది కాక, మరో అర టీస్పూను మిరప్పొడి కలిపి పది నిమిషాలు ఉంచి, పైన తేలిన నూనెని పీచులో మూడోవంతుకి మాత్రమే పట్టించండి. మొత్తానికి పూస్తే గులాబీ రంగు ముద్దలా ఉంటుంది. మూడోవంతుకి పూస్తే తెల్లటి పీచు మధ్య ఎర్రటి పీచులు కనబడి, సురిమి కడ్డీ విరిచినట్టు ఉంటుంది. నూనె పొగలొచ్చేంత వేడిగా ఉంటే మిరప్పొడి మాడి నల్లబడుతుంది. బీట్‌రూట్ రసం చాలామంది చెబుతారు, నా సలహా వద్దనే. దాని రంగు నీటిలో కరిగేది, గంటలో గిన్నె అంతా పాకుతుంది. మిరప రంగు నూనెలో కరుగుతుంది గనుక మయోనైజ్‌లోకి కొంత దిగుతుంది గానీ లేత నారింజ ఛాయతో ఆగుతుంది, అది సీఫుడ్‌కి నప్పే రంగే. ఉడికిన రొయ్య, పీతల ఎరుపు కూడా ఆస్టాజాంథిన్ అనే కెరోటినాయిడ్ వల్లే. మిరప ఎరుపుదీ అదే కుటుంబం.

పుట్టగొడుగు: రొయ్య, స్కాలప్ ముక్క

కింగ్ ఆయిస్టర్‌లో మనకి పనికొచ్చేది లావాటి తెల్లటి కాడ. స్కాలప్ అంటే గుండ్రటి తెల్లటి బిళ్ళలాంటి మాంసం ఉండే సముద్రపు ఆల్చిప్ప. దాన్ని ఒకటిన్నర సెంటీమీటరు మందాన బిళ్ళలుగా కోసి, రెండువైపులా కత్తి మొనతో అడ్డం, నిలువు గాట్లు పెట్టండి. లోతు రెండు మిల్లీమీటర్లు మించకూడదు, మించితే వేడి తగలగానే విడిపోతాయి. గాట్లు అందానికి కాదు, లోపలి నీరు బయటికి, బయటి రసం లోపలికి వెళ్ళే దారి అదే. రొయ్యలా కావాలంటే కాడని పొడవునా నాలుగు చీలికలు చేసి, వేలెడంత ముక్కలుగా తరగండి. టోపీ భాగం గోధుమరంగులో ఉంటుంది, దాన్ని వేరే వంటకి ఉంచుకోండి.

మూకుట్లో నూనె లేకుండా ముక్కలు పరిచి, చిటికెడు ఉప్పు చల్లి, మూత పెట్టి మధ్యస్థం సెగ మీద ఐదు నిమిషాలు. మూత తీసేసరికి నీళ్ళలో తేలుతుంటాయి. ఆ నీరంతా ఇగిరేదాకా మూత లేకుండా ఉంచండి. ఇగిరాక ఒక టీస్పూను నూనె వేసి, రెండోవైపు తిప్పి, ఒక్క నిమిషం. ఇక్కడ ఆగిపోవాలి. పుట్టగొడుగులు బంగారు రంగుకి వేగితే రుచిగా ఉంటాయి నిజమే, కానీ ఆ వేపుడు వాసన మాంసం వైపు లాగుతుంది, సముద్రం మాయమవుతుంది. ఈ సలాడ్‌లో ముక్క తెల్లగానే ఉండాలి.

250 గ్రాములు దాదాపు 150 గ్రాములకి దిగుతాయి. వేడి వేడిగా ఉండగానే మిగిలిన నాచు రసంలో వేసి అరగంట వదిలేయండి. నీరు పోయిన చోట రసం చేరుతుంది. తర్వాత వడకట్టి, శుభ్రమైన గుడ్డ మీద పరిచి పైనుంచి అద్దండి. ఎక్కువసేపు వండితే మెత్తబడిపోతుందేమో అన్న భయం అక్కర్లేదు. పుట్టగొడుగు కణాల గోడల్లో కైటిన్ ఉంటుంది, కూరగాయల్లో ఉండే పెక్టిన్‌లా వేడికి కరగదు. రొయ్య, పీతల పెంకులో ఉండేది కూడా కైటినే.

కింగ్ ఆయిస్టర్ దొరక్కపోతే మామూలు ఆయిస్టర్ పుట్టగొడుగులు, అంటే ముత్యపుచిప్ప పుట్టగొడుగులు, చేత్తో చీల్చి ఇలాగే చేయండి. అప్పుడు స్కాలప్ బదులు పీతకి దగ్గరగా వస్తుంది. బటన్ పుట్టగొడుగులతో మాత్రం కుదరదు. మట్టివాసన ఎక్కువ, ఉడికితే నల్లబడతాయి.

ముక్కల్లో ఇతర దారులు

తాటిజాతి చెట్ల మొవ్వు డబ్బాల్లో దొరికే చోట ఇదంతా అరగంట పని. మొవ్వు అప్పటికే ఉడికి ఉంటుంది. కడిగి, బయటి పొరల్ని పీచుగా లాగి, లోపలి గట్టి కడ్డీని బిళ్ళలుగా కోసి, నాచు రసంలో గంట నానబెట్టి తుడిస్తే సరి. దానికీ పులుపు ఉంటుంది, చివర్లో నిమ్మరసం సగం చేయండి.

పీత కాకుండా తెల్లచేప పొరలు గుర్తొచ్చేలా కావాలంటే గట్టి టోఫు. ప్యాకెట్టుతో సహా రాత్రంతా డీప్ ఫ్రీజర్లో పెట్టి, మర్నాడు కరగనిచ్చి, స్పాంజిలా పిండి, చేత్తో తుంచండి. మంచు గడ్డలు లోపల చేసిన ఖాళీల్లోకి రసం బాగా ఎక్కుతుంది. పనసలో మాంసకృత్తులు చాలా తక్కువ కాబట్టి కడుపు నిండే భోజనంగా తినాలనుకుంటే పనసలో సగం తీసి టోఫు వేసుకోవడం మంచి పద్ధతి.

కోంజాక్‌తో చేసిన రొయ్యలు ప్యాకెట్లో దొరుకుతాయి. కోంజాక్ మన కందకి దగ్గర చుట్టం, అదే జాతి దుంప. ప్యాకెట్టు విప్పగానే వచ్చే చేపవాసన ఎవరూ కలిపింది కాదు, ఆ దుంపపిండిని సున్నంతో గట్టిపరచినప్పుడు వచ్చేదే. ఇక్కడ ఆ వాసన పనికొస్తుందని ఆశపడకండి, కుళ్ళిన చేపకి దగ్గరగా ఉంటుంది. కడిగి, మూడు నిమిషాలు మరిగించి, పొడి మూకుట్లో కిచకిచమనేదాకా వేయించాకే వాడాలి. ఎంత నానబెట్టినా రుచి లోపలికి ఎక్కదు. పైన పూత ఘాటుగా ఉండాలి.

సెనగలు

వీటి పని రుచి ఇవ్వడం కాదు, సలాడ్‌కి బరువు ఇవ్వడం, మయోనైజ్‌ని పట్టి ఉంచడం. మామూలు కంటే కాస్త ఎక్కువ ఉడకాలి, రెండు వేళ్ళ మధ్య నొక్కితే సులువుగా నలగాలి. వడకట్టి, గుడ్డలో వేసి రుద్ది తడి పోగొట్టి, ఫోర్కుతో సగం మెదపండి, సగం ముక్కలుగా వదిలేయండి. మిక్సీలో వేస్తే క్షణంలో ముద్ద అవుతుంది, అందులో కలిపిన ఏ సలాడైనా సెనగ చట్నీ రుచే ఇస్తుంది.

మయోనైజ్

సోయాపాలలోనే బాగా కుదురుతుంది, ఎందుకంటే నూనెనీ నీటినీ కలిపి పట్టే ప్రొటీనూ లెసిథిన్ దానిలో తగినంత ఉంటాయి. బాదం పాలు, ఓట్ పాలు ఈ పని నమ్మకంగా చేయలేవు. పాలు తీపి లేనివీ, వెనిల్లా కలపనివీ అని రెండుసార్లు చూసుకోండి. పాలూ నూనే ఒకే వేడిలో, గది ఉష్ణోగ్రతలో ఉండాలి. ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసిన పాలతో చేస్తే విరిగే అవకాశం ఎక్కువ.

హ్యాండ్ బ్లెండర్ తల సరిగ్గా పట్టేంత ఇరుకైన పొడవాటి జాడీ తీసుకోండి. పాలు, ఆవ ముద్ద, ఉప్పు వేసి, పైన నూనె మెల్లగా పోయండి. బ్లెండర్‌ని అడుగుకి ఆనించి ఆన్ చేసి, 15 నుంచి 20 సెకన్లు కదపకండి. అడుగున తెల్లగా చిక్కబడటం కనిపిస్తుంది. అప్పుడు మెల్లగా పైకి లేపుతూ నూనెని కలుపుకోండి. నిమ్మరసం చివర్లో వేయాలి. పులుపు తగలగానే సోయా ప్రొటీన్ గట్టిపడి, మయోనైజ్ ఒక్కసారిగా చిక్కనవుతుంది. ఎక్స్‌ట్రా వర్జిన్ ఆలివ్ నూనె బ్లెండర్లో చేదెక్కుతుంది, అందుకే వాసన లేని నూనె.

విరిగి నూనె విడిగా తేలితే పారేయకండి. వేరే జాడీలో రెండు టేబుల్‌స్పూన్ల తాజా సోయాపాలు తీసుకుని, బ్లెండర్ నడుస్తుండగా విరిగినదాన్ని చెంచా చెంచాగా పోస్తూ వెళ్ళండి, మళ్ళీ కుదురుకుంటుంది. సలాడ్‌కి 120 గ్రాములు చాలు. మిగిలింది ఫ్రిజ్‌లో వారం వరకు ఉంటుంది. రొట్టె మీద రాసేదానికంటే ఇది చిక్కగా ఉండాలి. ఎంత ఆరబెట్టినా ముక్కలు కొంత తడి వదులుతాయి, ఆ పలుచన ముందే లెక్కలోకి తీసుకోవాలి.

నోరి రేకుని పొయ్యి మంట మీద పైపైన రెండు మూడు సెకన్లు అటూ ఇటూ ఆడించండి. పచ్చగా మెరిసి పెళుసుబారుతుంది. చల్లారాక నలిపి పొడి చేసి జల్లించండి. ఆ 120 గ్రాముల మయోనైజ్‌లో నోరి పొడి ఒక టీస్పూను, మీసో, మసాలా దినుసులన్నీ కలిపి నూరిన పొడి ఒక టీస్పూను, సగం నిమ్మకాయ తొక్క తురుము, రెండు టీస్పూన్ల నిమ్మరసం కలిపి ఇరవై నిమిషాలు పక్కన పెట్టండి. నోరి తడిసి వాసన విప్పుకోవడానికి అంత సమయం పడుతుంది. అప్పటికప్పుడు రుచి చూసి చాల్లేదని ఇంకో చెంచా వేసేవాళ్ళు, తర్వాత బూడిదరంగు సలాడ్ చూసి బాధపడతారు.

నిమ్మకాయ మోతాదు తక్కువగా అనిపించొచ్చు. నిజం చేపల వంటలో నిమ్మరసం పని నీచువాసన పుట్టించే అమైన్లని అణచడం. ఇక్కడ నీచే లేదు, పులుపు పులుపు కోసమే. పైగా పనసలో ఎంతో కొంత పులుపు మిగిలే ఉంటుంది.

మసాలాలో సెలరీ గింజలకి బదులు వాము వేయకండి. చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి, కొన్ని చోట్ల ఒకదాని పేరుతో ఇంకొకటి అమ్ముతారు కూడా. వాములో థైమాల్ ఘాటు పావు చెంచాకే మొత్తం గిన్నెని కబళిస్తుంది. సెలరీ గింజలు దొరక్కపోతే మానేయండి, కాడ ఎలాగూ ఉంది.

కూరగాయలు, కలపడం

సెలరీని అర సెంటీమీటరు ముక్కలుగా తరిగి పావు టీస్పూను ఉప్పు పట్టించి పావుగంట వదిలేయండి. ఊరిన నీరు పారబోసి, గుడ్డతో ఒత్తండి. ఉప్పు ఇలా ముందే లాగకపోతే మయోనైజ్‌లోని ఉప్పు తర్వాత గిన్నెలో లాగుతుంది, తేడా అంతే. ఉల్లిపాయ మెత్తగా కాదు గానీ సన్నగా తరిగి పది నిమిషాలు చల్లటి నీళ్ళలో ఉంచితే ఘాటు తగ్గుతుంది. కీరా వేయాలనిపిస్తే గింజలు తీసేసి సెలరీలాగే ఉప్పు పట్టించాలి. టమాటా వద్దు.

కలిపేముందు అన్నీ ఫ్రిజ్ చల్లదనానికి రావాలి. గోరువెచ్చని ముక్క మీద మయోనైజ్ కరిగి నూనె తేలుతుంది. పెద్ద గిన్నెలో ముందు సెనగలు, సెలరీ, ఉల్లిపాయ, కేపర్లు, మయోనైజ్‌లో మూడింట రెండొంతులు కలపండి. తర్వాత పనస పీచు వేసి, గరిటెతో కిందినుంచి పైకి తిప్పండి. పుట్టగొడుగు, సోయికూర ఆఖరిన. మిగిలిన మయోనైజ్ ఇప్పుడే వేయకండి. మూతపెట్టి ఫ్రిజ్‌లో రెండు గంటలు. వడ్డించే ముందు తీసి చూసి, పొడిగా ఉంటే మిగిలింది వేయండి, తడిగా ఉంటే వేయకండి.

ఉప్పు ఆఖరి నిర్ణయం కూడా అప్పుడే. చల్లగా ఉన్నప్పుడు నాలుకకి రుచి మందంగా తెలుస్తుంది, కలిపినప్పుడు సరిగ్గా ఉన్నది ఫ్రిజ్‌లోంచి తీసేసరికి చప్పగా ఉంటుంది. కేపర్లు, మీసో, నాచు రసం అన్నిట్లో ఉప్పుందని మరిచిపోకుండా, చిటికెడు చిటికెడుగా వేసుకోవాలి.

తేడా వస్తే

అడుగున నీరు చేరితే ఆ నీరు వంపేసి, ఒక టేబుల్‌స్పూను మెదిపిన సెనగలు కలపండి, మిగతా తడిని అవి పీల్చుకుంటాయి. ఇంకా మయోనైజ్ వేస్తూ పోతే జిడ్డు పెరుగుతుంది తప్ప నీరు తగ్గదు.

మర్నాటికి పొడిబారిపోవడం దీనికి పూర్తిగా విరుద్ధమైన సంగతి. సెనగలు రాత్రంతా మయోనైజ్‌ని తాగేస్తాయి. ఒక చెంచా మయోనైజ్, కొన్ని చుక్కల నిమ్మరసం చాలు.

నాచు రుచి చెరువు నాచులా, మందులా తగిలితే కోంబు మరిగిపోయి ఉండాలి, లేదా నోరి పాతబడి ఉండాలి. గాలి తగిలిన నోరి ఊదారంగుకి మారి, ఎండుచేప కంపు కొడుతుంది. దీన్ని నిమ్మరసంతో కప్పబోతే రెండూ పోట్లాడతాయి. పావు టీస్పూను చక్కెర, మరికొంత సోయికూర కొంతవరకు ఆదుకుంటాయి.

పంటికింద గట్టిగా చెక్కలా తగిలేది పనస మొన. ముక్కలన్నీ ఒకేలా మెత్తగా ఉన్నాయంటే పుట్టగొడుగుని నీరు ఇగిరేదాకా ఉంచకుండా ముందే దించేశారని.

నిల్వ, జాగ్రత్తలు

ఫ్రిజ్‌లో 4, 5 డిగ్రీల దగ్గర మూడు రోజులు. రెండోరోజు రుచే బాగుంటుంది. బయట రెండు గంటలకి మించి ఉంచకూడదు. గుడ్డు, చేప లేవు కదా అని ధీమా పనికిరాదు, ఉడికిన సెనగలూ పుట్టగొడుగులూ తేమలో త్వరగానే పాడవుతాయి. డీప్ ఫ్రీజర్లో పెడితే మయోనైజ్ విరిగిపోతుంది. ముందే చేసి దాచుకోవాలంటే రసం పట్టిన పనస పీచుని విడిగా గడ్డకట్టించుకోవచ్చు, అది చెడదు.

కోంబులో అయోడిన్ చాలా ఎక్కువ. పెద్దవాళ్ళకి రోజుకి కావలసింది 150 మైక్రోగ్రాములైతే, ఒక్క చిన్న ముక్కలోనే అంతకి ఎన్నో రెట్లు ఉండొచ్చు, నానిన నీటిలోకి అది చాలావరకు దిగుతుంది కూడా. థైరాయిడ్ సమస్య ఉన్నవాళ్ళకి, గర్భిణులకి చేసేటప్పుడు కోంబు మానేసి, షీటాకే నాలుగు చేసి, నోరితో సరిపెట్టండి. నోరిలో అయోడిన్ చాలా తక్కువ. హిజికి అనే నల్లటి సన్న నాచు జోలికి మాత్రం వెళ్ళొద్దు. అందులో అకర్బన ఆర్సెనిక్ ఉంటుందని పలు దేశాల ఆహార భద్రత సంస్థలు తినొద్దనే చెబుతున్నాయి.

రొయ్యలు, పీతలు పడనివాళ్ళ కోసం చేస్తుంటే నోరి ప్యాకెట్టు వెనక చదవండి. నాచు పెరిగే నీళ్ళలోనే చిన్న చిన్న రొయ్యలు, పీతలు ఉంటాయి, వాటి అంశ చేరి ఉండొచ్చన్న హెచ్చరిక చాలా ప్యాకెట్ల మీద కనిపిస్తుంది. మీసోలో కొన్ని రకాలకి చేప రసం కలుపుతారు. ఇవి కాక సోయా, ఆవాలు, సెలరీ కూడా కొందరికి పడవు, వడ్డించేముందు అడగండి.